ఉడికిన చికెన్ పీచు తీయడానికి హ్యాండ్ మిక్సర్: 8 నెలలు వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. కేకు పిండి, గుడ్ల సొన గిలక్కొట్టే హ్యాండ్ మిక్సర్ ఉంది కదా, దాంతో ఉడికిన చికెన్ చక్కగా పీచు పీచుగా విడిపోతుంది. అర కేజీ బోన్‌లెస్‌కు నాకు 40 సెకన్లు చాలు. రెండు ఫోర్కులు పట్టుకుని లాగేటప్పుడు అదే అర కేజీకి 12 నిమిషాలు పట్టేది, పైగా కుడి మణికట్టు సాయంత్రం దాకా లాగుతూనే ఉండేది. 8 నెలలుగా వారానికి రెండుసార్లు వాడుతున్నాను కాబట్టి ఒక ఆదివారం చేసి చూసి రాస్తున్న మాట కాదిది. నచ్చనివి కూడా ఉన్నాయి, అందులో ఒకటి బాగా కోపం తెప్పించింది, అదీ చెప్తాను.

అసలు ఈ అవసరం మామయ్య వల్ల వచ్చింది. మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర మున్నేకొళాలలో, సొంతూరు హిందూపురం. పోయిన ఏడాది మామయ్యకు కింది పళ్ళు చాలా వరకు తీసేయాల్సి వచ్చి, వైద్యం కోసం ఆయనా అత్తమ్మా మా దగ్గరికే వచ్చేశారు. చిగుళ్ళు మానాక పళ్ళసెట్టు పెట్టించాం గానీ దాంతో ముక్క నమలడం ఆయన వల్ల కావడం లేదు. ఆదివారం సంగటీ కోడిపులుసూ లేకపోతే ఆయనకు భోజనం చేసినట్టే ఉండదు. మొదట కైమా తెచ్చి చేశాను. పచ్చి మాంసాన్ని మిషన్లో వేసి కొట్టి ఇస్తారు కదా, అది ఉడికేసరికి చిన్న చిన్న గుండ్లయి గట్టిపడింది. ‘గులకరాళ్ళు నమిలినట్టుందమ్మా’ అని ప్లేటు పక్కకు జరిపేశారు. అన్నం వదిలేసి లేచే మనిషి కాదాయన, నాకు ఆ రోజంతా మనసు బాగాలేదు.

తర్వాత ఉడికిన ముక్కలనే మిక్సీలో వేసి పల్స్ నొక్కాను. రెండు నొక్కులకు ఏమీ కాలేదు, నాలుగోదానికి అడుగున పేస్టు, పైన ముక్కలు ముక్కలుగానే. నీళ్ళు పోస్తే ఇంకా ఘోరం, చంటిపిల్లల ఉగ్గులా అయిపోయింది. తప్పు మిక్సీది కాదు. బ్లేడు నిమిషానికి 18,000 చుట్ల దాకా తిరిగే మిషన్ అది, చట్నీ మెత్తగా రావాలనే దాన్ని అలా చేశారు, దాని పని కోయడం. మనకు కావాల్సింది కోయడం కాదు, విడదీయడం. కోడి రొమ్ము ముక్కను గమనించండి, సన్నటి నారలు కట్టలు కట్టలుగా ఒకే వైపుకు ఉంటాయి, ఆ కట్టల మధ్య పలచటి పొర ఉంటుంది. తడిలో నిదానంగా ఉడికితే ఆ పొర మెత్తబడి జిగురులా కరుగుతుంది, అప్పుడు ఏ పదునూ లేని వస్తువుతో కాస్త లాగినా నార వెంబడి దానంతటదే చీలిపోతుంది. హ్యాండ్ మిక్సర్ కింద బిగించే బీటర్లకు, అంటే గిలక్కొట్టే ఆ రెండు బుట్టల్లాంటి వాటికి, పదును ఉండదు. రెండూ ఎదురెదురుగా తిరుగుతూ ముక్కను మధ్యలోకి లాక్కుని ఒకటి ఇటూ ఒకటి అటూ సాగదీస్తాయి. కవ్వం చేసే పనే, కరెంటుతో.

ఈ సంగతి మనవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. మా అవ్వ ఉప్పుకండ చేసేటప్పుడు ఎండిన ముక్కను కాసేపు నిప్పుల మీద కాల్చి, రోట్లో వేసి రోకలితో దంచేది, కత్తి తగలనిచ్చేది కాదు. పొడి కాకూడదు, పీచు విడిపోవాలి, ఆ పీచు నూనెలో వేగితేనే రుచి అనేది. హలీం కూడా అంతే, కట్టె ఘోట్నీలతో గంటలకొద్దీ కొడతారు, అందుకే అందులో మాంసం గోధుమలో కలిసిపోయినా నాలుకకు నార నారగా తగులుతుంది. రంజాన్ నెలలో ఫ్రేజర్ టౌన్ మాస్క్ రోడ్డులో ఒక కప్పు హలీం తింటూ ఉండగానే నాకు ఈ ఆలోచన వచ్చింది, మామయ్యకు కావాల్సింది ఇదే కదా, కొట్టిన మాంసం, కోసింది కాదు అని.

ఇంటికొచ్చి మొదట పప్పుగుత్తితో ప్రయత్నించాను. వస్తుంది, కానీ మెత్తటి ముక్క కింద నలిగిపోతుంది, గట్టి ముక్క పక్కకు జారిపోతుంది. అప్పుడు మారతహళ్ళిలో వంటింటి సామాన్ల అంగడికి వెళ్ళి హ్యాండ్ మిక్సర్లు చూపించమన్నాను. అతను కడపవాడు, తెలుగులోనే మాట్లాడాడు. చికెన్ పీచు తీయడానికి అని చెబితే ‘అక్కా, దీన్ని కేకులకే తీసుకుపోతారు, చికెన్‌కని ఇంతవరకు ఎవురూ అడగలే, మళ్ళీ వాపసు తెస్తే నేను తీసుకోను’ అన్నాడు. నిజం చెప్పినందుకు నాకు నచ్చాడు. 1,650 రూపాయలు పెట్టి 300 వాట్లది తీసుకున్నాను, 5 స్పీడ్లు, రెండు బీటర్లు, పిండి కలిపే కొక్కేలు రెండు. కంపెనీ పేరు రాయను. ఇదే రకం నాలుగైదు కంపెనీలవి ఆ రోజు పక్కపక్కనే పెట్టి చూశాను, పనిలో పెద్ద తేడా లేదు. తేడా అంతా బీటర్ల తయారీలో ఉంది, దాని గురించి కింద చెప్తాను.

నేను చేసే పద్ధతి ఇది. అర కేజీ బోన్‌లెస్ రొమ్ము, మందంగా ఉంటే మధ్యకు చీల్చి, ఉప్పు, పసుపు, కాస్త అల్లంవెల్లుల్లి వేసి ముక్క మునిగీ మునగనట్టు నీళ్ళు పోసి, పొంగు రాగానే మంట బాగా తగ్గించి మూత పెట్టి 12 నుంచి 15 నిమిషాలు ఉడికిస్తాను. థర్మామీటర్ ఉన్నవాళ్ళు ముక్క నడిమధ్యన గుచ్చి చూసుకోండి, 74 డిగ్రీల సెల్సియస్ చేరితే ఉడికినట్టు. తొందరగా ఉంటే కుక్కర్‌లో రెండు విజిల్స్ కూడా పెడతాను గానీ గలగలా ఉడికిన రొమ్ము పొడిబారుతుంది, పీచు బాగానే వస్తుంది, నోట్లో మాత్రం దూది మాదిరి ఉంటుంది. ఉడికాక ముక్కలు తీసి 5 నిమిషాలు పక్కన పెట్టి, చెయ్యి పెడితే చురుక్కుమనేంత వేడి ఉన్నప్పుడే లోతు గిన్నెలో వేసి, ఒకటో స్పీడులో బీటర్లు దించి ముక్కలు పగలనిచ్చి, 10 సెకన్ల తర్వాత రెండో స్పీడుకు మార్చి గిన్నె చుట్టూ నిదానంగా తిప్పుతాను. 20 సెకన్లకు పొడుగు పొడుగు పీచు వస్తుంది, చపాతీ రోల్స్‌కు అది సరిపోతుంది. 40కి సన్నగా సమంగా వస్తుంది. మామయ్యకు మాత్రం 50 దాకా తిప్పుతాను, పొడుగు పీచు ఆయన పళ్ళసెట్టు కింద ఇరుక్కుంటుంది. అంతకంటే తిప్పితే పొట్టు పొట్టయి కూరలో కలిసి కనిపించకుండా పోతుంది. చివర్లో ఉడికించిన నీళ్ళే నాలుగు చెంచాలు పైన పోసి కలిపితే పీచు పీల్చుకుని మళ్ళీ మెత్తబడుతుంది, ఈ ఒక్క పని మరిచిపోకండి.

వేడి గురించి ఇంకోసారి చెప్తాను, ఎందుకంటే వాట్ల గురించి అందరూ అడుగుతారు, వేడి గురించి ఎవరూ అడగరు. ఒకసారి రాత్రి ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున ఆఫీసుకు ముందు తిప్పుదామనుకున్నాను. బీటర్లు దిగలేదు. చల్లబడితే ఆ కరిగిన జిగురు మళ్ళీ గడ్డకడుతుంది, కొవ్వు బిగుసుకుంటుంది, ముక్క రబ్బరులా బీటర్‌కు ఎదురు తిరుగుతుంది, మోటార్ మూలిగి కొంచెం కాలిన వాసన కూడా వచ్చింది. వెంటనే ఆపేశాను. అదే ముక్కల్ని కాసిని నీళ్ళు చల్లి మూతపెట్టి వేడి చేసి తిప్పితే నిమిషంలో అయిపోయింది. 300 వాట్లు చాలా, 500 ఉండాలా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఇదే, వేడి చికెన్‌కు 300 ఎక్కువే, చల్లటిదానికి ఎన్నున్నా మోటార్‌ను బాధపెట్టడమే.

గిన్నె కూడా ముఖ్యం. మొదటి రోజు వెడల్పాటి బేసిన్‌లో పెట్టి తిప్పితే పీచు గోడకూ స్టవ్‌కూ నా జాకెట్టుకూ అంటుకుంది. తర్వాత చిక్కపేటలో పాత్రల అంగళ్ళ వీధికి పోయి ఒక జానెడు లోతున్న స్టీలు గిన్నె, అడుగు గుండ్రంగా ఉన్నది, వెతికి తెచ్చుకున్నాను. గిన్నె కింద తడిగుడ్డ వేస్తే జరగదు. నాన్‌స్టిక్ గిన్నెలో తిప్పకండి, పూత గీసుకుపోతుంది.

రొమ్ము ఒక్కటే కాదు, తొడ మాంసం కూడా వస్తుంది, రుచి దానికే ఎక్కువ, కానీ కొవ్వూ పొరలూ ఎక్కువ కాబట్టి ఇంకో 10 నిమిషాలు అదనంగా ఉడకాలి, పీచు కూడా రొమ్ములా గీత గీసినట్టు రాదు, ముద్దముద్దగా వస్తుంది. నాటుకోడితో మాత్రం నాకు కుదరలేదు. ఆరు విజిల్స్ పెట్టాక కూడా నార గట్టిగానే ఉంది, బీటర్లకు తాళ్ళలా చుట్టుకుంది. నాటుకోడిని పులుసుకే ఉంచి, ఆ పులుసులో బ్రాయిలర్ పీచు కలిపి మామయ్యకు పెడుతున్నాను. అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు, రెండు కోళ్ళు ఒక కూరలోనా అంది. తిన్నాక ఏమీ అనలేదు, పోయిన ఆదివారం తనే గుర్తు చేసింది.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. మూడో నెలలో అంగట్లో బోన్‌లెస్ అయిపోయిందంటే ఎముకతో ఉన్నది తెచ్చి, ఉడికాక చేత్తో ఎముకలు తీశాను. ఒక చిన్న ఎముక ఉండిపోయింది, టక్‌మని శబ్దం, ఒక బీటర్ తీగ లోపలికి వంగింది. అప్పటి నుంచి రెండూ తిరిగేటప్పుడు ఒకదానికొకటి తగులుతున్నాయి. వారంటీలో మార్చమని నేను అడగలేదు, ఎముక తగలడం వాళ్ళ తప్పు కాదు కదా, డబ్బులిస్తాను ఒక జత బీటర్లు ఇవ్వండి అన్నాను. సర్వీస్ సెంటర్ వాళ్ళు బీటర్లు విడిగా అమ్మం, కొత్త మిషన్ కొనుక్కోండి అన్నారు. రెండుసార్లు వెళ్ళాను, ఒకసారి ఫోన్ చేశాను, అదే మాట. మోటార్ నిక్షేపంగా ఉంది. 100 రూపాయల తీగ కోసం 1,650 రూపాయల మిషన్‌ను మూలన పడేయమనడం నాకు అన్యాయంగా అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తోంది. చివరికి మా వీధి చివర వెల్డింగ్ అంగడాయన పట్టకారుతో నిదానంగా సరిచేసి ఇచ్చాడు, డబ్బులు కూడా తీసుకోలేదు. ఇప్పుడు బాగానే నడుస్తోంది. ఎముక వల్ల మిషన్‌కే కాదు, సన్నటి ముక్క విరిగి పీచులో కలిసిపోతే తినేవాళ్ళకు ఇంకా ప్రమాదం, పెద్దవాళ్ళకూ పిల్లలకూ పెట్టేవాళ్ళు బోన్‌లెస్ తప్ప వేరేది వాడొద్దు.

రెండో జత బీటర్లు నాకు ఎముక వల్లే అవసరమైందనుకోకండి. శనివారం మా ఇంట్లో మాంసం ముట్టం, అత్తమ్మకు వెంకటేశ్వరస్వామి శనివారాలు పట్టింపు. చికెన్ తగిలిన బీటర్‌తో ఆ రోజు పెరుగు కూడా చిలకనివ్వదు, దాన్ని నేను తప్పు పట్టను, ఆమె ఇల్లు కూడా ఇదే. పట్టింపు లేని ఇళ్ళలో కూడా ఇంకో ఇబ్బంది ఉంది. చికెన్ కొవ్వు బీటర్ కీలులో కాస్త మిగిలినా ఆ తర్వాత గుడ్డు తెల్లసొన నురగ రాదు, ఎంత తిప్పినా నీళ్ళలాగే ఉంటుంది, మా పాప పుట్టినరోజు కేకుకు నాకు అదే అయ్యింది. కాబట్టి చికెన్‌కు ఒక జత, మిగతా వాటికి ఒక జత ఉండాలి. పిండి కలిపే కొక్కేలతో చికెన్ తిప్పి బీటర్లను కేకులకు వదిలేద్దామని కూడా చూశాను. కొక్కేలతో వస్తుంది గానీ ముద్దలు మిగిలిపోతాయి, రెట్టింపు సమయం పడుతుంది.

కడగడం గురించి రెండు ముక్కలు. తిప్పిన వెంటనే బీటర్లు ఊడదీసి చన్నీళ్ళలో వేసేయండి, ఆరితే పీచు తీగలకు అతుక్కుపోయి పిన్నుతో గీకాల్సి వస్తుంది. తర్వాత గిన్నెలో వేడినీళ్ళూ సబ్బూ పోసి బీటర్లు మళ్ళీ బిగించి ఒకటో స్పీడులో కాసేపు తిప్పితే చాలా వరకు పోతుంది. బీటర్లు దూర్చే రంధ్రాల దగ్గర కొవ్వు తుంపర పేరుకుంటుంది, అక్కడ ప్లగ్ తీసేసి తడిగుడ్డతో తుడవండి, మిషన్‌ను కొళాయి కింద పెట్టకూడదు.

చప్పుడు ఉంటుంది. మిక్సీ అంత కాదు. పొద్దున 6 గంటలకు పక్క ఫ్లాట్‌లో చంటిబిడ్డ నిద్రపోతుంటే నేను తిప్పను. బరువు దాదాపు కేజీ, కాబట్టి కేజీ చికెన్ ఒకేసారి వేసి తిప్పితే చెయ్యి నొప్పి పుడుతుంది, మోటార్ కూడా వేడెక్కుతుంది. దీంతో వచ్చిన పుస్తకంలో 5 నిమిషాలకు మించి వరుసగా నడపొద్దని ఉంది. అర కేజీ చొప్పున రెండు వాయిలు వేసినా మొత్తం రెండు నిమిషాలు దాటదు.

వేరేవి కూడా వాడి చూశాను. తాడు లాగే చాపర్ పనికిరాదు, అందులోనూ బ్లేడే. ఆన్‌లైన్లో ఇప్పుడు గుండ్రటి ప్లాస్టిక్ డబ్బా వస్తోంది, కిందా మీదా ముళ్ళుంటాయి, మధ్యలో చికెన్ పెట్టి మూతను చేత్తో అటూ ఇటూ తిప్పాలి. దాని ఆలోచన సరైందే, అది కూడా కోయదు, లాగుతుంది. పావు కేజీకి బాగుంది, ఒంటరిగా ఉండేవాళ్ళకూ, కరెంటు మిషన్ వద్దనుకునేవాళ్ళకూ నేను అదే చెప్తాను, కానీ మణికట్టు నొప్పి ఉన్నవాళ్ళకు కాదు. వైట్‌ఫీల్డ్‌లో ఉండే మా అక్క కేకుల ఆర్డర్లు చేస్తుంది, ఆమె దగ్గర పెద్ద స్టాండ్ మిక్సర్ ఉంది, చదును బీటర్ పెట్టి రెండో స్పీడులో కేజీ చికెన్ వేసి చూశాం. నిజంగా అద్భుతం, చెయ్యి పెట్టే పనే లేదు, నిమిషం లోపల కేజీ అంతా ఒకే తీరుగా విడిపోయింది. అయితే దాని ధర వేలల్లో, వంటగది గట్టు మీద మూరెడు జాగా కావాలి. చికెన్ కోసమని దాన్ని కొనకండి, ఇంట్లో ఇప్పటికే ఉంటే మాత్రం ఇంకేదీ కొనకండి.

చేసి పెట్టుకున్న పీచు మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఫ్రిజ్‌లో 3 రోజులు ఉంటుంది, గట్టు మీద మాత్రం రెండు గంటలకు మించి ఉంచొద్దు. నేను ఆదివారం కేజీ చేసి, కొంత మామయ్య పులుసుకు, కొంత పాప టిఫిన్ బాక్స్‌లో రోల్స్‌కు, మిగిలింది ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, మిరియాల పొడి వేసి కోడిగుడ్డు పొరటు లాగా వేయిస్తాను. కేజీ పచ్చిది ఉడికాక 700 గ్రాములు, ఇంకొంచెం ఎక్కువ తూగుతుంది, ఆ లెక్కన తెచ్చుకోండి.

కొనడానికి వెళ్ళేవాళ్ళు అంగట్లోనే పెట్టె విప్పించి బీటర్లు చేతిలోకి తీసుకుని చూడండి. సన్నటి గుండ్రటి తీగలవి వేళ్ళతో నొక్కితే వంగుతాయి, అవి వద్దు. చదును పట్టీలతో చేసిన మందపాటివి తీసుకోండి, మధ్యలో నిలువు కడ్డీ లేనివైతే ఇంకా మంచిది, పీచు దానికి చుట్టుకోదు, కడగడం సులువు. డబ్బులిచ్చే ముందు ఒక జత బీటర్లు విడిగా ఎక్కడ దొరుకుతాయో అడగండి. నేను అడగలేదు. నాకు మిక్సర్ అమ్మిన అంగడాయన వేరే కంపెనీ బీటర్లు దీనికి పడతాయేమో వచ్చే వారం తెప్పించి చూస్తానన్నాడు, పడితే ఇక్కడే కింద రాస్తాను.